పాలసీసా పిల్లికి మూడో ఇల్లు

తెనాలి: పాలగిన్నె చూసి పారిపోయిన పిల్లి కథ ఈ ఊరి కవిగారి పుణ్యమా అని తెలుగువారందరికీ తెలుసు. కాగే పాలకు మూతి కాలిన తెనాలి రామకృష్ణుడి పిల్లి, రాయలవారి సభలో పాలను చూడగానే పరుగు లంకించుకుంది. గంగానమ్మపేటలో ఒక ఇంట మొన్నటిదాకా పెరిగిన పిల్లికూనది సరిగ్గా దీనికి ఎదురు. పాలసీసా కనిపిస్తే చాలు, మనిషి భుజం మీదికి ఎగబాకేది. మనుషులంటే దానికి బొత్తిగా భయం లేదు. చూసినవారంతా ముచ్చటపడింది అందుకే. చివరికి దాని కొంప ముంచిందీ అదే.

ఆ కూన ఒకరింటికి పెంపకానికి వెళ్లి నాలుగో రోజునే తిరిగి వచ్చింది. మళ్లీ ఒక ఇల్లు కుదరడానికి నెలన్నర పట్టింది. పిల్లిని పెంచుకోవాలని ముచ్చటపడేవారు ముందుగా తెలుసుకోదగిన సంగతులు ఆ నెలన్నరలో చాలా ఉన్నాయి.

కూనను పెంచినావిడ రిటైరయిన తెలుగు పండితురాలు. వయసు 67. పేరు మాత్రం వేయవద్దన్నారు. ‘‘పేరు పడిందంటే రేపటి నుంచి మా గుమ్మంలో రోజుకో అట్టపెట్టె ఉంటుంది’’ అన్నారామె నవ్వుతూ.

ఏడిళ్లు తిప్పే తల్లి

మొన్నటి శ్రావణమాసంలో ఒక శుక్రవారం సాయంత్రం తలుపు చప్పుడయింది. వాయనానికి ఎవరో వచ్చారనుకుని టీచరు గారు తలుపు తీశారు. ఎదురుగా ముగ్గురు పిల్లలు, వాళ్ల చేతిలో చెప్పుల పెట్టె. పెట్టెలో అప్పుడప్పుడే కళ్లు విచ్చుకుంటున్న పిల్లికూన. వీధి చివర బియ్యం గోదాములో బస్తాలు తీస్తుంటే బయటపడిందట.

‘‘తల్లి వదిలేసింది అమ్మమ్మా’’ అన్నాడు పెద్దవాడు.

‘‘వదిలేసిందని నీకెవరు చెప్పార్రా?’’ అని అడిగారు టీచరు గారు.

ఆ ప్రశ్నలో అర్థం లేకపోలేదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఉన్నచోట అలికిడి ఎక్కువైతే తల్లి కొత్తచోటు చూసుకుంటుంది. పిల్లల్ని ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని చేరవేస్తుంది. ఒకదాన్ని దించి మరొకదాని కోసం తిరిగి వచ్చేలోపు, మిగిలిన కూన ఒంటరిగా కనిపిస్తుంది. జాలిగల మనిషి ఎవరో ‘పాపం, దిక్కులేనిది’ అని ఎత్తుకుపోతాడు. తల్లి వచ్చి వెతుక్కుంటుంది. చాలా కూనలు దిక్కులేనివి కావు. మన జాలి వల్ల దిక్కులేనివవుతాయి!

కూన ఒళ్లు వెచ్చగా, పొట్ట నిండుగా ఉండి, నిద్రపోతుంటే తల్లి దగ్గరలోనే ఉన్నట్టు. దూరంగా ఉండి కొన్ని గంటలపాటు చూడటమే మేలు. ఒళ్లు చల్లబడినా, ఆగకుండా అరుస్తున్నా, చీమలు పట్టినా, దెబ్బ తగిలినా ఇక ఆలస్యం చేయకూడదు.

టీచరు గారు పిల్లల్ని వెంటబెట్టుకుని గోదాముకు వెళ్లారు. మధ్యాహ్నం అక్కడ మూడు కూనలు ఉన్నాయని, రెండింటిని తల్లి పట్టుకుపోయిందని హమాలీలు చెప్పారు. పెట్టెను అదే మూల పెట్టి, తల్లి వచ్చేందుకు షట్టరు కింద జానెడు సందు వదలమని బతిమాలారు. దీపాలు పెట్టే వేళ దాటింది. వాన మొదలైంది. రాత్రి 9 గంటలకు వెళ్లి చూస్తే కూన అక్కడే ఉంది. ఒళ్లు చల్లబడింది. అరుపు కూడా ఆగిపోయింది. అప్పుడుగాని ఆమె దాన్ని ఇంటికి తీసుకురాలేదు.

ముందు వెచ్చదనం, తర్వాతే పాలు

ఇంటికి రాగానే ఎవరైనా చేసే పని పాలు పట్టడం. పశువుల డాక్టరుకు ఫోను చేస్తే ఆయన చెప్పిన మొదటి మాట ‘‘పాలు పట్టకండి’’ అని. ఒళ్లు చల్లబడిన కూనకు తాగింది అరగదు. ముందు వెచ్చబరచాలి. అదీ ఒక్కసారిగా కాదు, నెమ్మదిగా. సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, పెట్టెలో ఒక పక్కన పెట్టారు. వేడి ఎక్కువైతే కూన పక్కకు జరగడానికి చోటు ఉండాలి. పుట్టిన మొదటి వారాల్లో పిల్లికూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి ఒళ్లే దానికి కుంపటి.

రెండో మాట, పాల గురించి. పిల్లికి ఆవుపాలు, గేదెపాలు అమృతమని మనందరి నమ్మకం. నిజానికి తల్లిపిల్లి పాలల్లో మాంసకృత్తులు ఆవుపాలకు రెట్టింపు కంటె ఎక్కువ. పాలచక్కెర తక్కువ. ఆవుపాలు పడితే కూనకు విరేచనాలు పట్టుకుంటాయి. అరచేతిలో ఇమిడే ప్రాణికి ఒక్క రోజు విరేచనాలు చాలు. పిల్లికూనల కోసమే తయారుచేసే పాలపొడి దొరుకుతుంది. ఆ రాత్రే గుంటూరు నుంచి వస్తున్న పక్కింటి కుర్రాడి చేత ఒక డబ్బా తెప్పించారు.

మూడో మాట, పట్టే పద్ధతి. పసిపాపను ఒళ్లో పడుకోబెట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర ఎలా తాగుతుందో అలాగే బోర్లా ఉంచి, తల కాస్త ఎత్తుగా ఉండగా, చిన్న సీసాతో నెమ్మదిగా పట్టాలి. సీసాను నొక్కకూడదు. కూన తనంత తాను చీకాలి.

మర్నాడు పొద్దున వంటింటి కాటా మీద తూచారు. 190 గ్రాములు. పుట్టి సుమారు 10 రోజులై ఉంటుందన్నారు డాక్టరు. మనవడు దానికి ‘బుడ్డి’ అని పేరు పెట్టాడు. పాలబుడ్డితో పెరిగే బుడ్డది గనుక!

హాజరుపట్టీ

మూడు గంటలకోసారి పాలు. రాత్రీ అంతే. టీచరు గారు పాత అలవాటు కొద్దీ నోటుబుక్కు ఒకటి గీతలు గీసి పెట్టుకున్నారు. తేదీ, వేళ, పాలు, బరువు. ‘‘35 ఏళ్లు హాజరుపట్టీ రాశాను. అందులో ఒక్కరు లోపిస్తే మర్నాడు వస్తారులే అనుకునేదాన్ని. ఇందులో అలా అనుకోవడానికి లేదు’’ అన్నారామె.

ఆరోగ్యంగా ఉన్న కూన రోజుకు 10 నుంచి 15 గ్రాముల దాకా పెరగాలి. పెరగలేదంటే ఏదో తేడా వచ్చినట్టే. ఒకనాడు ఆమె పెళ్లికి వెళ్లి వచ్చేసరికి, కనిపెట్టుకుని ఉండమన్న ఇరుగమ్మ జాలిపడి చిక్కటి గేదెపాలు పట్టింది. తెల్లవారేసరికి విరేచనాలు. కాటా మీద 20 గ్రాములు తగ్గింది. రెండు రోజులు డాక్టరు చుట్టూ తిరిగితేగాని తేరుకోలేదు. జాలి ఒక్కటే చాలదని ఆ నోటుబుక్కులో ఆ రెండు రోజుల అంకెలు చెబుతాయి.

పాలు పట్టడంతో పని అయిపోదు. మూడు వారాలు నిండేదాకా కూన తనంతట తాను మలమూత్రాలు విడవలేదు. తల్లి నాలుకతో నాకితేనే ఆ పని జరుగుతుంది. తల్లి లేనప్పుడు, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో ప్రతిసారీ తుడవాలి. ఈ సంగతి తెలియక, కడుపునిండా పాలు పట్టి కూడా కూనల్ని పోగొట్టుకున్నవారున్నారు.

నాలుగో వారానికి పళ్లు కనిపించాయి. ఒక పళ్లెంలో ఇసుక పోసి పెడితే రెండు రోజుల్లో దాని వాడకం తెలుసుకుంది. ఇక గట్టి తిండి పెట్టాలి. ఇక్కడ వచ్చింది చిక్కు. టీచరు గారి ఇంట్లో నీచు ముట్టరు. పెరుగన్నం పెట్టి చూద్దామనుకున్నారు. డాక్టరు ఒప్పుకోలేదు. పిల్లికి టారిన్ అనే పదార్థం ఆహారంలోంచే అందాలి. అది మాంసం, చేపల్లోనే ఉంటుంది. అది అందకపోతే కంటిచూపు దెబ్బతింటుందని 1975లోను, గుండె కండరం బలహీనపడుతుందని 1987లోను అమెరికా పరిశోధకులు తేల్చారు. కుక్క అన్నం తిని బతకగలదేమోగాని పిల్లికి అది సాగదు.

‘‘నా ఆచారం నాది, దాని ఆచారం దానిది’’ అనుకున్నారు టీచరు గారు. పెరటి వసారాలో దానికి వేరే గిన్నె, వేరే డబ్బా ఏర్పాటయ్యాయి.

నాలుగో రోజున తిరుగుటపా

ఎనిమిది వారాలు నిండేసరికి బుడ్డి 800 గ్రాములయింది. మొదటి విడత టీకా పడింది. ఇంటికి ఎవరు వచ్చినా ఎదురెళ్లేది. కొంగు దొరికితే నోట్లో పెట్టుకుని, సీసా చీకినట్టు చీకుతూ నిద్రపోయేది. చూసినవారంతా కావాలన్నారు. వారిలో ఒక ఉద్యోగి కుటుంబం తీసుకువెళ్లింది. వాళ్లకు ఇద్దరు చిన్నపిల్లలు.

నాలుగో రోజున పెట్టెతో సహా తిరిగి తెచ్చారు. ‘‘పిల్లి మంచిదేనండీ. కాని కరుస్తోంది’’ అన్నారు.

ఐదేళ్ల పాప చేతి మీద గాట్లు. ఆటలో పడ్డవే. అయినా రక్తం వచ్చింది. వీధిలో దొరికిన కూన. రేబిస్ టీకా ఇంకా పడని వయసు. తల్లిదండ్రులు గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, పాపను ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లి సూదులు మొదలుపెట్టించారు. వాళ్లు చేసింది నూటికి నూరుపాళ్లూ సరైన పని. రేబిస్ కుక్క వల్లనే వస్తుందని, పిల్లి గీరితే ఏమీ కాదని అనుకునేవారు ఇంకా ఉన్నారు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. పసుపు అద్ది ఊరుకునే విషయం కాదిది.

కరిచిన పిల్లిని 10 రోజులు గమనించమన్నారు డాక్టరు. ఆ పది రోజులూ టీచరు గారికి నిద్ర లేదు. బుడ్డి ఆరోగ్యంగానే ఉంది. ఎప్పటిలాగే తింది, ఆడింది, కొంగు చీకింది. పాపకూ ఏమీ కాలేదు. కాని బుడ్డిని మళ్లీ ఎవరికివ్వాలి? కరిచే పిల్లి అని వీధంతా తెలిసిపోయింది.

తప్పు ఎవరిది?

‘‘తప్పు బుడ్డిది కాదు. వాళ్లదీ కాదు. నాది’’ అని ఒప్పుకున్నారు టీచరు గారు.

తల్లి దగ్గర, తోడబుట్టినవాటి మధ్య పెరిగే కూన మొదటి రెండు నెలల్లో చాలా నేర్చుకుంటుంది. ఆటలో గట్టిగా కరిస్తే పక్కది కీచుమని అరిచి ఆట మానేస్తుంది. లేకుంటే తిరిగి కరుస్తుంది. శ్రుతి మించితే తల్లి ఒక్కటి తగిలిస్తుంది. ఎంత గట్టిగా కరిస్తే నొప్పో, గోళ్లు ఎప్పుడు లోపలికి తీసుకోవాలో అలా తెలుస్తుంది. ఒంటరిగా సీసాపాలతో పెరిగిన కూనకు ఆ బడి లేదు. దాని వరకు మనిషి చెయ్యే తల్లి, ఆ చెయ్యే అన్న, ఆ చెయ్యే ఆటబొమ్మ.

‘‘300 గ్రాములున్నప్పుడు దాని ముందు వేళ్లు ఆడించేదాన్ని. పట్టుకుని కొరికేది. పళ్లు లేవుగా, ముద్దొచ్చేది. పిల్లవాడు తప్పు చదివితే ముద్దుగా ఉందని దిద్దకుండా వదిలేసినట్టయింది’’ అన్నారామె.

దిద్దడానికి నెల పట్టింది. ఇంట్లో అందరికీ ఒకటే నియమం. చేతితో ఆట బంద్. కర్ర చివర గుడ్డపీలిక కట్టి, నేల మీద ఎలుక కదిలినట్టు కదిలించాలి. రోజుకు మూడు నాలుగుసార్లు, పదేసి నిమిషాలు. ఆట అయ్యాక తిండి. వేటాడి, పట్టి, తిని నిద్రపోవడం పిల్లి స్వభావం గనుక ఈ వరస దానికి నచ్చుతుంది. చెయ్యి పట్టుకుని కరిస్తే చెయ్యి లాక్కోకూడదు. లాగితే అది పారిపోయే ఎలుక అనుకుంటుంది. కదలకుండా ఉండి, వదలగానే లేచి వెళ్లిపోవాలి. కరిస్తే ఆట ముగుస్తుందని దానికి అర్థం కావాలి. కొట్టడం పనికిరాదు. కొడితే కొన్ని భయపడి దూరమవుతాయి, కొన్ని అదీ ఆటే అనుకుంటాయి.

మనవడు మొదటి వారం నాలుగుసార్లు నియమం తప్పాడు. నాలుగుసార్లూ బుడ్డి కరిచింది. ఐదోసారి వాడే కర్ర వెతుక్కున్నాడు.

దారాల డబ్బా

మూడు నెలలు నిండాయి. రేబిస్ టీకా పడింది. అప్పుడు వచ్చాడు మారీసుపేట నుంచి ఒక దర్జీ. ఇంటి ముందుగదిలోనే మిషను, కొట్టు. భార్య, తల్లి, ఏడాది వయసున్న ఆడపిల్లి. దానికి పిల్లలు కలగకుండా ఆపరేషను చేయించారు. మిషను చప్పుడుకు అది ఒంటరిగా బెంగపడుతోందని మరోదాన్ని తెస్తానన్నాడు.

టీచరు గారు మొదట వీల్లేదన్నారు. ‘‘నీది దారాల ఇల్లు నాయనా. ఇది చీకే పిల్లి’’ అన్నారు.

ఆమె భయం ఉత్తది కాదు. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలి వైపుకు తిరిగి ఉంటాయి. నోట్లోకి వెళ్లిన దారాన్ని ఉమ్మేయడం దానికి కష్టం. దారం ఒక కొస నాలుక కిందనో, కడుపులోనో చిక్కుకుంటే పేగులు కుచ్చిళ్లు పెట్టినట్టు ముడుచుకుపోతాయి. ఆపరేషను చేస్తేగాని బతకదు. నోటి నుంచి గాని, వెనక నుంచి గాని దారం వేలాడుతుంటే లాగకూడదు. వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

దర్జీ వాదించలేదు. ‘‘ఒకసారి వచ్చి చూడండమ్మా’’ అన్నాడు.

వెళ్లి చూశారు. దారపు ఉండలన్నీ మూత బిగించిన బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. మిషను మీద ఒక్క ఉండే. లేచేటప్పుడు అదీ డబ్బాలోకి వెళుతుంది. రాత్రి కొట్టు కట్టేముందు చీపురుతో ఊడ్చి, తాడుకు కట్టిన అయస్కాంతాన్ని నేలంతా తిప్పి సూదులు, గుండుసూదులు ఏరుతాడు. ‘‘ఏడాదిగా ఒక్కనాడూ తప్పలేదమ్మా. పిల్లి వచ్చాకే మా అమ్మ కాలికి కూడా సూది గుచ్చుకోవడం మానింది’’ అన్నాడు.

టీచరు గారు ఇంకేమీ అడగలేదు.

అయితే తీసుకువెళ్లి ఒక్కసారిగా రెండింటినీ ఎదురెదురుగా వదలలేదు. మొదటి వారం బుడ్డి వెనకగదిలో. ఒకదాని పక్కగుడ్డ మరొకదాని దగ్గర వేసి వాసన అలవాటు చేశారు. తర్వాత తలుపుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె. బుస్సుమనడం తగ్గాక తలుపు తీశారు. మూడోవారం టీచరు గారు చూడబోయేసరికి బుడ్డి పెద్దదాని తోక కొరికింది. పెద్దది వెనుదిరిగి ఫెడీమని ఒక్కటిచ్చింది. గోళ్లు బయటపెట్టకుండానే! బుడ్డి రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ వచ్చి ఈసారి మెల్లగా కొరికింది.

‘‘నేను నెల్లాళ్లు చెప్పిన పాఠం అది ఒక్క దెబ్బతో చెప్పింది’’ అన్నారామె.

తెచ్చుకునే ముందు

సీసాపాలతో పెరిగిన కూనను తెచ్చుకోదలచినవారు పెంచినవారిని కొన్ని అడగాలి. ఎన్ని వారాలది? తనంతట తాను తింటోందా? తోడు కూనలతో పెరిగిందా, ఒంటరిగానా? ఒంటరిదైతే వీలుంటే అదే వయసుదాన్ని మరోదాన్ని కూడా తెచ్చుకోవడం మంచిది. లేదా ఇంట్లో మంచి స్వభావం గల పెద్ద పిల్లి ఉండాలి. రెండూ లేకపోతే ఆ బడి మీరే నడపాలి. ఇంట్లో ఐదారేళ్ల లోపు పిల్లలుంటే కూనతో వాళ్లను ఒంటరిగా వదలకూడదు.

టీకాల కార్డు అడిగి తీసుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి. 12 వారాలకు రేబిస్ టీకా, ఏడాదికి మళ్లీ. నట్టల మందు వేరే. నాలుగైదు నెలలకే ఆడపిల్లి ఎదకు రావచ్చు. రెండు నెలల పైచిలుకుకే ఈనుతుంది. అంటే ఏడాది తిరగకుండానే మరికొన్ని అట్టపెట్టెలు! ఆపరేషను సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

జ్వరమని మనం వేసుకునే పారాసెటమాల్ బిళ్ల పిల్లికి విషం. అందులో ముక్క కూడా వేయకూడదు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర పెట్టకూడదు. కుక్కల గోమార్ల మందు పిల్లికి పూయకూడదు. గర్భిణి ఉన్న ఇంట్లో ఇసుక పళ్లెం మరొకరు శుభ్రం చేయాలి, అదీ ఏరోజుకారోజు. పిల్లి మలంలో ఉండగల ఒక సూక్ష్మజీవి గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. అది బయటపడ్డాక ప్రమాదకరంగా మారడానికి కనీసం ఒక రోజు పడుతుంది గనుక రోజూ తీసేస్తే ఆ భయం చాలావరకు పోతుంది. పిల్లిని వదిలేయనక్కరలేదు.

వదిలేయడం నేరం కూడా. రుక్మిణీదేవి అరండేల్ కృషి ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, ఆకలిదప్పులతో బాధపడేలా ప్రాణిని వదిలివేయడాన్ని నేరంగా పేర్కొంది. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూక్రాస్ వంటి సంస్థలు పెద్ద ఊళ్లలో ఆదుకుంటాయి. చిన్న ఊళ్లలో ఆ భారం చాలావరకు ఇళ్ల మీదే పడుతుంది. అందుకే తిరిగి తెచ్చి ఇచ్చిన ఆ మొదటి కుటుంబాన్ని టీచరు గారు ఒక్క మాట అనలేదు. ‘‘కాలవగట్టున వదిలి, పారిపోయిందని చెప్పవచ్చు. అలా చేయలేదు. పెట్టెలో పెట్టుకుని నా దగ్గరికే తెచ్చారు. అది మర్యాద’’ అన్నారు.

సీసా ఇంకా అక్కడే

మార్జాల కిశోర న్యాయమని తరగతిలో ఎన్నిసార్లు చెప్పారో ఆమెకే లెక్క లేదు. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుని ఉంటుంది. పిల్లికూన అదేమీ చేయదు. అంతా తల్లి మీదే వేసి నిశ్చింతగా ఉంటుంది. తల్లే మెడ పట్టి తీసుకుపోతుంది. భక్తుడు భగవంతుడి మీద అలా భారం వేయాలని అర్థం.

‘‘అప్పుడు కూన వైపు నుంచే చెప్పేదాన్ని. ఇప్పుడు తల్లి వైపు నుంచి తెలిసింది. ఎత్తుకోవడం తేలికే. ఎక్కడ దించాలో చూసి దించడమే కష్టం’’ అన్నారామె.

బుడ్డి ఇప్పుడు కొంగు చీకడం మానేసిందట. మిషను పక్కన బుట్టలో పెద్దదాని పొట్ట మీద తల పెట్టి పడుకుంటోంది.

టీచరు గారి వంటింటి గూట్లో పాలసీసా మాత్రం కడిగి బోర్లించి ఉంది. ఇంకా పారేయలేదేమని అడిగాం.

‘‘శ్రావణం మళ్లీ రాదూ?’’ అన్నారు.